ఎనిమిది స్టేడియాలు, నాలుగు రోజుల లీవు

ఒహాయోలో కొలంబస్ దగ్గర ఉండే ఒక పాఠకుడు మూడు పేజీల ఉత్తరం పంపారు. పేరు వెయ్యొద్దన్నారు కాబట్టి వెయ్యడం లేదు. ఉత్తరంలో ఉన్నది క్లుప్తంగా ఇదీ.

ఆయనకి 34 ఏళ్ళు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, భార్య, రెండేళ్ళ పాప. 2014లో ఎమ్మెస్ చదవడానికి వచ్చినప్పుడు రూమ్మేట్‌గా దొరికినవాడే ఇప్పటికీ ప్రాణస్నేహితుడు. ఆ స్నేహితుడూ తెలుగువాడే, కానీ తొమ్మిదో క్లాసులో అమ్మానాన్నలతో వచ్చేసి చికాగో శివార్లలో పెరిగాడు. బేస్‌బాల్ అంటే పిచ్చి. మరుసటి వేసవిలో ఈయన్ని చికాగోలో రిగ్లీ ఫీల్డ్ స్టేడియానికి తీసుకెళ్ళి, టికెట్టు తనే కొని, స్కోర్‌కార్డు పెన్సిల్‌తో ఎలా నింపాలో నేర్పించాడు. అప్పటినుంచి ఏటా వేసవిలో ఒక్క ఆటైనా ఇద్దరూ కలిసి చూస్తున్నారు. ఇప్పుడు అతనికి సియాటిల్‌లో ఉద్యోగం వచ్చింది, ఆగస్టులో వెళ్ళిపోతున్నాడు. మధ్యలో మూడు వారాలు ఖాళీ. "మామా, పదేళ్ళ నుంచీ అనుకుంటున్నాం, ఈ సమ్మర్ కొట్టేద్దాం" అని జూలైలో పది రోజుల రోడ్ ట్రిప్ ప్లాన్ చేశాడు. మిల్‌వాకీ, చికాగోలో రెండు స్టేడియాలు, డెట్రాయిట్, టొరంటో, క్లీవ్‌లాండ్, పిట్స్‌బర్గ్, సిన్సినాటి. మొత్తం ఎనిమిది స్టేడియాలకీ గంట గంటకీ ఏం చెయ్యాలో షీట్‌లో రాసి పంపాడు. ఈయన మార్చిలోనే సరే అన్నారు.

ఈలోగా అత్తగారూ మావగారూ రాజమండ్రి నుంచి జూలై మొదటి వారంలో వస్తున్నారని తెలిసింది. అమెరికా రావడం వాళ్ళకిదే మొదటిసారి. డిసెంబరులో చెల్లెలి పెళ్ళికి దాచుకున్నది తీసేస్తే చేతిలో ఉన్నది నాలుగు రోజుల లీవు. ట్రిప్పు సంగతి భార్యకి "ఇంకా ఏం అనుకోలేదు, చూద్దాం" అని చెప్పారు. పాస్‌పోర్టులో వీసా స్టాంపు గడువు అయిపోయింది, కాబట్టి టొరంటో అంటే భయం. రెండేళ్ళ క్రితం స్మోకీ మౌంటెన్స్ వెళ్ళినప్పుడు స్నేహితుడు రాత్రి రెండింటిదాకా డ్రైవింగ్ చేయించాడని గొడవపడి ఇద్దరూ నాలుగు నెలలు మాట్లాడుకోలేదు. ఆ ట్రిప్పులో స్నేహితుడు కట్టిన ఆరు వందల డాలర్ల లెక్క ఇంకా తేలలేదు. పైగా ఈయన శాకాహారి. వచ్చే ఆదివారం టికెట్లు, హోటళ్ళు బుక్ చేసేస్తానని అతనంటున్నాడు.

ఉత్తరం చివర ఇలా రాశారు: "నిజానికి నాకు పిట్స్‌బర్గ్ స్టేడియం చూడాలని ఎప్పట్నుంచో ఉంది. మిగతావి చూసినా చూడకపోయినా ఒకటే. వెళ్ళనంటే స్నేహం పోతుంది, వెళ్తే ఇంట్లో గొడవ. ఏం చెయ్యమంటారు?"

తమ్ముడూ, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివేటప్పుడు మీరు ఎవరెవరికి ఏమేం చెప్పారో పక్కన రాసుకున్నాను. స్నేహితుడికి "సరే రా". భార్యకి "చూద్దాం". ఆఫీసులో మేనేజర్‌కి "జూలైలో కొన్ని రోజులు కావాలేమో". ఇంతమందిలో ఒక్కరికీ అబద్ధం చెప్పలేదు, నిజమూ చెప్పలేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అని మీరు నలిగిపోతున్నారు గానీ, అసలు సంగతి తెలియక ఆ ఇద్దరికీ ఇంకా కోపం రానే లేదు. అంటే మీ చేతిలో ఇంకా టైముంది. ఆదివారం దాకా ఉంది.

నేను ఇరవై ఏళ్ళకి పైగా క్లీవ్‌లాండ్ పక్కనే ఉంటున్నాను. మా ఆయనకీ ఇలాంటి స్నేహితుడే ఉన్నాడు, ఇద్దరూ కలిసి ఇలాంటి ట్రిప్పులే వేశారు. కాబట్టి మీ ఇంట్లో జరగబోయేది నాకు అవతలివైపు నుంచి తెలుసు. మా అబ్బాయికి ఏడాదిన్నర వయసప్పుడు, ఒక మంగళవారం రాత్రి అన్నం తింటూ తింటూ "శుక్రవారం మేం వెళ్తున్నాం" అన్నాడు మా ఆయన. నెలన్నర ముందే టికెట్లు కొన్నారట. ఆయన వెళ్ళడం నాకు కష్టం కాలేదు. నాలుగు రోజులు పిల్లాణ్ణి ఒక్కదాన్నీ చూసుకోగలను, ముందే తెలిస్తే ఎవరినో ఒకరిని సాయం పిలుచుకునేదాన్ని కూడా. నెలన్నర పాటు రోజూ నా పక్కనే కూర్చుని చెప్పలేదే అన్నది మాత్రం చాన్నాళ్ళు గుచ్చుకుంది. మీ ఆవిడకి ఇప్పుడు తెలిస్తే అది ట్రిప్పు గురించి మాట్లాడుకోవడం అవుతుంది. హోటల్ బుక్ అయ్యాక తెలిస్తే మీ గురించి అవుతుంది.

మీ స్నేహితుడి విషయంలో ఇంకొకటి చూడండి. అతను పద్నాలుగేళ్ళ వయసు నుంచీ ఇక్కడే పెరిగాడన్నారు. మన ఊళ్ళో ఎవరైనా "చూద్దాంలే" అంటే రారని మనకి తెలిసిపోతుంది. "సరే సరే" అని రెండుసార్లు అంటే ఒప్పుకోలేదని కూడా తెలిసిపోతుంది. ఇక్కడ పెరిగినవాడికి సరే అంటే సరే. మీ గొంతులో మొహమాటం అతనికి వినపడి ఉండదు. మార్చిలో మీరు మాట ఇచ్చారనే నమ్మకంతో అంత షీట్ కూర్చుని తయారుచేశాడు. అతను మిమ్మల్ని బలవంతపెడుతున్నాడని ఉత్తరంలో ఒకచోట రాశారు, ఆ మాట నాకు సరిగ్గా అనిపించలేదు. మీరు వద్దని ఎప్పుడూ అనలేదు కదా.

ఇప్పుడు ఆ షీట్ సంగతి చూద్దాం. చికాగో నుంచి మిల్‌వాకీ సుమారు 90 మైళ్ళు, రానూపోనూ 180. చికాగో నుంచి డెట్రాయిట్ 280. అక్కణ్ణుంచి టొరంటో 230. టొరంటో నుంచి సరస్సు చుట్టూ తిరిగి క్లీవ్‌లాండ్ 290. క్లీవ్‌లాండ్ నుంచి పిట్స్‌బర్గ్ 135, పిట్స్‌బర్గ్ నుంచి సిన్సినాటి మళ్ళీ 290, సిన్సినాటి నుంచి చికాగో 300. మొత్తం 1,700 మైళ్ళు. పది రోజులకి పంచితే రోజుకి 170, ఇంతేనా అనిపిస్తుంది. కానీ బేస్‌బాల్ షెడ్యూలు రోడ్డు మ్యాపు చూసి వెయ్యరు. ఒక్కో టీమ్‌కి సీజన్‌లో 162 ఆటలుంటే అందులో సొంత ఊళ్ళో 81. మిగతా సగం రోజులు స్టేడియం ఖాళీగా ఉంటుంది. చికాగోలో రెండు టీమ్‌లున్నాయి గానీ, ఒకటి ఊళ్ళో ఉన్నప్పుడు రెండోది ఎక్కువగా బయటే ఉంటుంది. ఎనిమిది చోట్లా సరిగ్గా మీరు వెళ్ళే రోజునే ఆట ఉండాలంటే దారి వంకరలు తిరగాలి, ముందుకెళ్ళి వెనక్కి రావాలి, ఒకరోజు 400 మైళ్ళు నడపాలి. పైగా జూలై మధ్యలో ఆల్-స్టార్ విరామం (మేటి ఆటగాళ్ళ ప్రత్యేక ఆట కోసం ఇచ్చేది) ఉంది, ఆ వారం సోమవారం నుంచి బుధవారం దాకా మామూలు ఆటలే ఉండవు. అతను ఇవన్నీ చూసే వేసి ఉంటాడు, ఆటంటే అంత ఇష్టమున్నవాడు చూడకుండా ఉండడు. అయినా మీరు కూడా ఒకసారి షీట్ తెరిచి ఏ రోజు ఎన్ని మైళ్ళో లెక్క వేసుకోండి, మాట్లాడేటప్పుడు పనికొస్తుంది.

వాన సంగతి అందులో ఉందో లేదో తెలీదు. ఈ వైపు జూలై సాయంత్రాలు ఉరుములు మెరుపులతో ఎలా కురుస్తాయో మీకు తెలిసిందే. వాళ్ళ లిస్టులో పైకప్పు మూసే స్టేడియాలు మిల్‌వాకీ, టొరంటో రెండే. మా ఆయన వాళ్ళు ఒక ఊళ్ళో రెండున్నర గంటలు తడిసిన కుర్చీల్లో కూర్చున్నారు, ఆఖరికి ఆట వాయిదా అన్నారు. సాధారణంగా అలాంటప్పుడు డబ్బు వెనక్కివ్వరు, మళ్ళీ ఆడే రోజుకి ఆ టికెట్టు చెల్లుతుంది. సెప్టెంబరులో ఎప్పుడో ఆడారు, ఎవరెళ్తారు? రోజుకో ఊరు చొప్పున బిగించిన ప్లానులో ఒక్క వాన పడితే ఆ స్టేడియం పోయినట్టే. ఒక ఊళ్ళో రెండు రోజులుంటే మర్నాటి ఆట చూడొచ్చు.

టొరంటో గురించి మాత్రం ఊగిసలాట పెట్టుకోకండి. ఇండియా పాస్‌పోర్టు మీద హెచ్1బీలో ఉన్నవాళ్ళకి కెనడా వెళ్ళడానికి విజిటర్ వీసా విడిగా కావాలి, జూలైకి అది వస్తుందన్న భరోసా లేదు. తిరిగి రావడానికి, స్టాంపు గడువు అయినా ముప్ఫై రోజుల లోపల వస్తే ఐ-94 (దేశంలో ఎప్పటిదాకా ఉండొచ్చో చూపే రికార్డు) మీద రానిచ్చే పద్ధతి ఒకటుంది, దానికి షరతులున్నాయి. మీ కంపెనీ ఇమిగ్రేషన్ లాయర్‌ని అడక్కుండా, ఎవరో వెళ్ళొచ్చారని విని బయల్దేరకండి. ఉద్యోగం, ఇల్లు, పాప ఇక్కడున్నప్పుడు ఒక ఆట కోసం సరిహద్దు దగ్గర గుండె దడదడలాడుతూ నిలబడాల్సిన అవసరం మీకు లేదు. అతను సిటిజన్ అయ్యుంటాడు, అతనికి అది టోల్‌గేట్ లాంటిది. మీకెందుకు భయమో తెలియకపోవడం అతని తప్పు కాదు, ఎవరో ఒకరు చెప్పాలి. ఇంకో చిన్న విషయం, డెట్రాయిట్ వెళ్తే బ్రిడ్జి బోర్డులు జాగ్రత్తగా చూసుకోండి. అక్కడ తప్పు ఎగ్జిట్ తీసుకున్నారంటే కారు కెనడా బ్రిడ్జి ఎక్కేస్తుంది, మధ్యలో వెనక్కి తిప్పడానికి ఉండదు.

రాత్రి డ్రైవింగ్ గొడవ మళ్ళీ వస్తుందా అంటే, ఈ షీట్ ప్రకారం వెళ్తే తప్పకుండా వస్తుంది. 2023లో పిచ్ క్లాక్ (బంతి వెయ్యడానికి సెకన్ల గడువు పెట్టే గడియారం) పెట్టాక ఆటలు రెండు గంటల నలభై నిమిషాల చుట్టుపక్కల అయిపోతున్నాయి, ముందు మూడు గంటలు దాటేవి. అయినా ఏడింటికి మొదలైన ఆట పదికి దగ్గరపడుతుంది, పార్కింగ్‌లోంచి కారు బయటపడేసరికి పదిన్నర. అక్కణ్ణుంచి రెండున్నర గంటలు నడిపితే ఒంటిగంట. ఆ టైముకి ఒకరు ఆవులిస్తూ నడుపుతుంటారు, పక్కనున్నవాళ్ళు నిద్రపోతే కోపం, పాటలు పెడితే కోపం, రోడ్డు పక్కన జింక కళ్ళు మెరిస్తే ఇద్దరికీ టెన్షన్. స్మోకీస్‌లో మీరు పోట్లాడుకున్నది మనసుల్లో ఏదో ఉండి కాదు, నిద్రలేక. ఎంత ప్లాను వేసినా సరే, రాత్రి ఆట తర్వాత ఊరు దాటకూడదు అన్నదొక్కటీ ముందే ఒప్పందం చేసుకోండి. పొద్దున్న ఎనిమిదింటికి కాఫీ తాగి బయల్దేరితే అదే రోడ్డు హాయిగా ఉంటుంది.

ఇక మీ ముందున్న దారులు. నాకు కనపడినవి చెప్తాను, ఏది ఎంచుకుంటారో మీ ఇష్టం.

పది రోజులూ వెళ్ళొచ్చు. టొరంటో తీసేసినా ఏడు స్టేడియాలు. నాలుగు రోజుల లీవు మొత్తం పోతుంది, అవీ చాలవు, చెల్లెలి పెళ్ళికి దాచుకున్నవి ముట్టుకోవాలి. మొదటిసారి దేశం దాటి వచ్చిన అత్తామావలు అల్లుడు లేని ఇంట్లో పది రోజులుండాలి, కారు తోలడం నుంచి పాప అన్నం దాకా మీ ఆవిడ ఒక్కరే చూసుకోవాలి. మీ స్నేహితుడు మాత్రం చాలా సంతోషపడతాడు, పదేళ్ళ కోరిక కదా, నేనది తక్కువ చెయ్యను. కానీ మీరే రాశారు, మిగతావి చూసినా చూడకపోయినా ఒకటేనని. ఆరో రోజున ఆరో స్టేడియంలో కూర్చుని ఫోన్‌లో ఇంటి మెసేజ్‌లు చూసుకునే మనిషి పక్కనుంటే అతనికి మాత్రం ఏం బాగుంటుంది?

అసలు మానెయ్యొచ్చు. ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, లీవు మిగులుతుంది. ఆగస్టులో అతను సియాటిల్ వెళ్ళిపోతాడు. ఇప్పుడు ఆరేడు గంటల డ్రైవ్‌లో ఉన్నవాడు రేపు విమానం ఎక్కితే తప్ప కనపడడు, మూడు గంటల టైము తేడా. పిల్లలు, ఉద్యోగాలు, ఇక ఎప్పుడు కుదురుతుందో. స్నేహం పోతుందని నేననను, ఒక్క ట్రిప్పు మానేస్తే పోయే స్నేహమైతే పదేళ్ళు నిలిచేది కాదు. కాకపోతే ఈ వేసవి గుర్తొచ్చినప్పుడల్లా మీకే మనసు చివుక్కుమంటుంది. మీ ఉత్తరం చదివాక అది మాత్రం ఖాయంగా చెప్పగలను.

కుటుంబంతో కలిపెయ్యొచ్చు. ఎలాగూ అత్తామావలు వచ్చాక పిట్స్‌బర్గ్ గుడికి వెళ్ళాల్సిందే, మన తెలుగువాళ్ళిళ్ళలో అది నయాగరాతో సమానం. పెన్ హిల్స్ కొండ మీద వెంకటేశ్వరస్వామి గుడి, 1976 నాటిది, ఈ దేశంలో మొదట్లో కట్టిన గుళ్ళలో ఒకటి. వాళ్ళని గుడికి తీసుకెళ్ళి, సాయంత్రం మీరిద్దరూ స్టేడియానికి వెళ్ళొచ్చు. ఖర్చు కలిసొస్తుంది, ఇంట్లో ఎవరికీ చెప్పుకోవాల్సిన పని ఉండదు. కానీ ఇందులో ఒక లోటుంది. స్నేహితుడు అతిథి అయిపోతాడు. మావగారి ముందు "ఏరా" అనలేరు, పాప ఏడుస్తుంది, ఐదో ఇన్నింగ్స్‌లో (బేస్‌బాల్‌లో తొమ్మిదుంటాయి) ఇంటి నుంచి ఫోను వస్తుంది. విడిపోయే ముందు ఇద్దరే కూర్చుని మాట్లాడుకోవాలని అతనికుంటే, బహుశా మీకూ ఉంటే, ఆ వీలు దొరకదు.

నాకు బాగా నచ్చింది ఇంకొకటి. మీరు మ్యాపు తీసి చూస్తే తెలుస్తుంది, మీ కొలంబస్ ఉన్న చోటే మీకు వరం. క్లీవ్‌లాండ్ 145 మైళ్ళు, పిట్స్‌బర్గ్ 185, సిన్సినాటి 105. అన్నిటికీ మించి, పిట్స్‌బర్గ్ నుంచి సిన్సినాటి వెళ్ళే దారి మీ ఊరి మీదుగానే పోతుంది. కాబట్టి మొదటి సగం అతన్ని ఒక్కణ్ణే వెళ్ళనివ్వండి. మిల్‌వాకీ, చికాగో, డెట్రాయిట్, కావాలంటే టొరంటో, అన్నీ అతనికిష్టమైన వేగంతో చూసుకుంటూ వస్తాడు, ఒంటరిగా నడపడం అతనికి ఇష్టమేనని మీరే రాశారు. గురువారం సాయంత్రానికి అతను క్లీవ్‌లాండ్ చేరితే మీరు అక్కడ కలవండి. కొలంబస్‌కి రైలు లేదు గానీ బస్సుంది, లేదా మీ ఆవిడతో ఒప్పందం కుదిరితే ఒకవైపు అద్దె కారు. గురువారం రాత్రి క్లీవ్‌లాండ్‌లో ఆట, అక్కడే పడక. శుక్రవారం పొద్దున్న రెండు గంటల చిల్లర డ్రైవ్, పిట్స్‌బర్గ్‌లో రెండు రాత్రులు. ఆదివారం పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి మీ ఇంట్లో ఉంటారు, అతనూ అక్కడే తిని, పడుకుని, సోమవారం సిన్సినాటి చూసుకుని చికాగో వెళ్తాడు. మీకు ఖర్చయ్యే లీవు రెండు రోజులు. మిగతా రెండూ అత్తామావల నయాగరాకి.

దీనికి షెడ్యూలు కలిసిరావాలి, అది నిజం. వారాంతపు సిరీస్‌లు ఎక్కువగా శుక్రవారం నుంచి ఆదివారం దాకా ఉంటాయి, గురువారం చాలా టీమ్‌లకి ప్రయాణం రోజు. కాబట్టి పిట్స్‌బర్గ్ టీమ్ ఏ వారాంతం సొంత ఊళ్ళో ఉందో అది ముందు ఖాయం చేసుకోండి. దానికి క్లీవ్‌లాండ్ అతికితే సరే, అతక్కపోతే క్లీవ్‌లాండ్ వదిలెయ్యండి, అది మీకు రెండు గంటల దూరంలో ఎప్పుడూ ఉంటుంది.

ఇందులో అతను పోగొట్టుకునేదీ ఉంది. ఎనిమిదీ మీతో చూడాలనుకున్నాడు, రెండే చూస్తాడు. బాధపడతాడు. పైకి "పర్లేదు మామా" అని రెండు వారాలు ఫోను చెయ్యకపోవచ్చు. అలా జరిగితే మీరే చెయ్యండి, షెడ్యూలు గురించో ఏ సీట్లు బాగుంటాయనో అడగండి, ఆట గురించి అడిగితే అతను మాట్లాడకుండా ఉండలేడు.

పిట్స్‌బర్గే ఎందుకంటున్నానంటే, మీ మూడు పేజీల్లో సంతోషంగా రాసినవి రెండే చోట్లు. ఒకటి మీ మొదటి ఆట. రిగ్లీలో బంతి వెళ్ళి గోడ మీద తీగల్లో ఇరుక్కుంటే, ఫీల్డర్ దాన్ని తియ్యకుండా, ఇరుక్కుందని అంపైర్‌కి చూపించడానికి రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడనీ, "వీడెందుకు సరెండర్ అవుతున్నాడు?" అని మీరడిగితే మీ స్నేహితుడు కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడనీ. మూడు స్ట్రైకులతో అవుటయితే, అంటే స్ట్రైకవుట్ అయితే, కె అని రాస్తారనీ, బ్యాట్ ఊపకుండా అయితే ఆ అక్షరాన్ని తిరగేసి రాయాలనీ అతను మీ చేత రాయించిన ఆ స్కోర్‌కార్డు మీ దగ్గర ఇంకా ఉందనీ. రెండోది ఆ చివరి వాక్యం. మిగతా ఆరేడు ఊళ్ళ పేర్లు కిరాణా చీటీలా రాసుకుపోయారు. అతనికి ఈ రెండు సంగతులూ చెప్పారా? "పిట్స్‌బర్గ్ నీతో చూడాలని నాకు ఎప్పట్నుంచో ఉంది" అన్న మాట అతను ఎప్పుడైనా విన్నాడా? అతని షీట్‌లో పిట్స్‌బర్గ్‌కి ఎంత టైమిచ్చాడో చూడండి. ఒక్క రాత్రి ఇచ్చి ఉంటాడు, మీకు ఇష్టమని తెలియక.

అక్కడికి వెళ్ళినప్పుడు కారు నదికి ఇవతల డౌన్‌టౌన్‌లో పెట్టి నడిచి వెళ్ళండి. పిట్స్‌బర్గ్ టీమ్‌లో ఒకప్పటి గొప్ప ఆటగాడు రొబెర్టో క్లెమెంటే పేరు పెట్టిన బ్రిడ్జి ఉంది, ఆట రోజుల్లో దాని మీద కార్లు ఆపేస్తారు, ఆ పసుపు రంగు బ్రిడ్జి నిండా జనం నడుస్తుంటారు, కింద అలెగెనీ నది, ఎదురుగా స్టేడియం. పదిహేను నిమిషాల నడక కూడా లేదు, మా ఆయన అరగంట చేశాడు. కుడివైపు గోడ ఎత్తు 21 అడుగులు, క్లెమెంటే జెర్సీ నంబరు 21 కదా, అందుకని అలా కట్టారు. నికరాగువాలో భూకంపం వస్తే బాధితులకి సామాను తీసుకెళ్తూ 1972 డిసెంబరు 31న విమానం కూలి చనిపోయాడాయన. అప్పటికి కొట్టిన హిట్లు సరిగ్గా 3,000. మీ స్నేహితుడికి ఇది మీకంటే బాగా తెలిసే ఉంటుంది, అయినా ఆ గోడ చూస్తూ అతని నోట వినండి. ఇంకొకటి, మన దేశం నుంచి మొదటిసారి అమెరికా బేస్‌బాల్ టీమ్‌తో ఒప్పందం చేసుకున్న రింకూ సింగ్ (క్రికెటర్ కాదు), దినేశ్ పటేల్ ఇద్దర్నీ 2008లో తీసుకున్నది ఈ పిట్స్‌బర్గ్ టీమే. సీట్లు మూడో బేస్ వైపు పై డెక్‌లో తీసుకోండి, ఖరీదు తక్కువ, నదీ బ్రిడ్జీ డౌన్‌టౌనూ అన్నీ కనపడేది అక్కణ్ణుంచే.

తిండికి దిగులు పడకండి. ఆ ఊళ్ళో పియరోగీలు అని దొరుకుతాయి, చూడ్డానికి అచ్చం కజ్జికాయల్లాగే, లోపల కొబ్బరి బదులు బంగాళాదుంప, చీజ్. మాంసం కలిపినవి కూడా ఉంటాయి కాబట్టి అడిగి తీసుకోండి. శనివారం పొద్దున్న గుడికెళ్తే కింద క్యాంటీన్‌లో పులిహోర, దద్దోజనం ఎలాగూ ఉంటాయి. మీ ఆవిడకి ప్రసాదం తెండి, మర్చిపోకండి.

డబ్బు గురించి. ఆ ఆరు వందల డాలర్లు ఇప్పుడు పంపకండి. పది రోజులు రానని చెప్పిన వారంలోనే పాత బాకీ పంపితే లెక్కలు తేల్చుకుని తెంచుకుంటున్నట్టు ఉంటుంది అతనికి. దాని బదులు పిట్స్‌బర్గ్ హోటలూ రెండు రోజుల టికెట్లూ మీ కార్డు మీద మీరే బుక్ చెయ్యండి, "స్మోకీస్ బాకీ ఇది" అని చెప్పండి. మిగతాది పెట్రోలు, పార్కింగ్, టోల్ ఏ రోజుది ఆ రోజు ఫోన్‌లో రాసుకుని ఆదివారం ఇల్లు చేరేలోపు సగం సగం చేసుకోండి. స్నేహితుల మధ్య లెక్కలేంటని ఊరుకున్న డబ్బే రెండేళ్ళు మీ మనసులో కూర్చుంది కదా.

చెప్పే వరస ముఖ్యం. ముందు మీ ఆవిడకి చెప్పండి, ఈ రాత్రే, పాప పడుకున్నాక. "మార్చిలోనే వాడికి సరే అన్నాను, నీకు చెప్పలేదు, నాదే తప్పు" అని మొదలుపెట్టండి, కారణాలు తర్వాత. ఆవిడకి కోపం వస్తుంది, రానివ్వండి, మధ్యలో సమర్థించుకోకండి. తర్వాత గురువారం నుంచి ఆదివారం అన్న ప్లాను ఆవిడ ముందు పెట్టి, ఆ నాలుగు రోజుల్లో ఆవిడకి ఏం సాయం కావాలో అడగండి. ఆవిడ వద్దంటే? ఆ వారం అత్తగారికి జెట్‌లాగ్ అనో, పాపకి డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉందనో అంటే వారం మార్చండి. అసలే వద్దంటే ఎందుకో పూర్తిగా వినండి, బహుశా అది ఈ ట్రిప్పు గురించి కాకపోవచ్చు. ఆవిడ ఒప్పుకున్నాకే స్నేహితుడికి ఫోను చెయ్యండి. వాట్సాప్‌లో రాయొద్దు, మీరు రాస్తే మళ్ళీ చివర "నువ్వెలా అంటే అలా" అని చేరుస్తారు, నాకు భయం. ఫోన్‌లో ఇంత చెప్తే చాలు: "మామా, పది రోజులు నా వల్ల కాదు, మార్చిలోనే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. టొరంటోకి నాకు వీసా కుదరదు. కానీ పిట్స్‌బర్గ్ నీతోనే చూడాలి, రెండు రోజులు, బుకింగ్ నేనే చేస్తున్నా." అతను బతిమాలితే, "ఇంకొక్క ఊరు రా" అంటే, ఆ ఫోన్‌లోనే సరే అనకండి. ఆవిణ్ణి అడిగి రేపు చెప్తానని చెప్పి, నిజంగానే రేపు చెప్పండి.

ఆదివారం అతను మీ ఇంట్లో ఉంటాడు కదా. కొలంబస్‌లో క్లిప్పర్స్ టీమ్ ఉంది, క్లీవ్‌లాండ్ టీమ్‌కి కింది స్థాయి జట్టు, డౌన్‌టౌన్‌లో హంటింగ్టన్ పార్క్‌లో ఆడతారు. చిన్న స్టేడియం, టికెట్టూ తక్కువే, పాప అటూ ఇటూ పరిగెత్తినా ఎవరూ ఏమనరు. ఆ ఆదివారం సాయంత్రం అక్కడ ఆట ఉందేమో చూసుకుని మీ ఆవిణ్ణీ, పాపనీ, అత్తామావలనీ కూడా తీసుకెళ్ళండి. మావగారిని మీ స్నేహితుడి పక్కన కూర్చోబెట్టి చేతికి పెన్సిల్ ఇవ్వండి. క్రికెట్ చూసిన మనిషి, మూడో ఇన్నింగ్స్‌కల్లా కె ఎప్పుడు తిరగెయ్యాలో ఆయనే చెప్తారు.